పోలిక

నక్కలగుట్ట స్కానింగ్ సెంటర్, కింది అంతస్తు.
బయట ఏప్రిల్. లోపల మిషన్ కోసం పెంచిన చలి.
గాజు ఇవతల నుంచి యాకూబ్ మైకులో చెప్తున్నడు:
"కదలొద్దక్కా, మగ్గం చప్పుడే అనుకో."

కుడికాల స్వరూప, ముప్పై ఆరు, కొత్తవాడ.
ఇంటిపేరులోనే కుడికాలున్న మనిషికి
ముందు మొద్దుబారింది కుడికాలే.
నవ్వొచ్చే సంగతి కాదు.
అయినా ఆమే నవ్వుకుంట చెప్పిందట.

తెర మీద వెన్నుపాము,
తెల్లటి నీళ్ళ నడుమ బూడిదరంగు పట్టె.
మెడ దిగువన ఉబ్బింది. పట్టె నడిమధ్యన తెలుపు,
ఒక పూస, రెండు, నాలుగు,
ఐదు పూసల పొడుగు.
మందు ఎక్కించినంక అంచున మెరిసింది
తెగిన ఉంగరం లెక్క.

పంపిన డాక్టరు చీటీ మీద ముందే రాసిండు: గడ్డ?
ఆ ప్రశ్నార్థకం అచ్చం కొక్కెమే.
పొద్దటి సంది పదిహేడు మందిని చూసిన కండ్లు
దానికి తగులుకొని వేలాడతయి.

నా వేళ్ళు "గడ్డ" అని కొట్టినయి కూడా.

గడ్డ అయితే ఓపిగ్గా వస్తది.
నెలల తరబడి, అద్దెకు దిగిన మనిషిలా,
ఒక గోడ జరిపి, ఒక నరం నొక్కి,
పక్కన నీటి సంచి కట్టుకొని,
కొసకు పాత నెత్తురు నల్లటోపీ పెట్టుకొని.
వాపు అయితే వారంల ఇల్లు ముంచుతది.
తెర మీద మాత్రం రెండూ ఒక్క తల్లి పిల్లలే.
ఫిల్ము మీద తేదీ ఉంటది,
కాలం ఉండదు.

ఆరేండ్ల కింద ఒకాయన, పరకాల అవతలి ఊరు.
నేను రాసిన మాట పట్టుకొని వెన్ను తెరిచిన్రు.
తీసేయడానికి అక్కడ ఏమీ లేదు.
పరీక్షకని గోరంత ముక్క తీసుకొని మూసిన్రు.
ఆ గోరంతలోనే ఆయన నడక ఉండె.
పేరు చెప్పను. నాకు యాదికుంది, చాలు.

లేచి బయటికి పోయిన.
కుర్చీల ఆమె. ఆమె చెప్పులు చేతుల పట్టుకొని భర్త.

"ఎన్నొద్దులాయె?"
"పోయిన బేస్తారం సంది మేడం.
బుధవారం పొద్దుగూకేదాకా జంపఖాన నేసిన."
"కన్నెప్పుడన్న మసకబడ్డదా?"
"లేదు."
"ఇంకేమన్న? చిన్నదైనా సరే."

కొంగు సర్దుకొని, సిగ్గుపడి,
"శివరాత్రప్పుడు ఎక్కిళ్ళొచ్చినయి. తొమ్మిదొద్దులు.
నీళ్ళు తాగినా ఆగలే, తిన్నదంత కక్కుడు.
ఎవలో గట్టిగనే యాది జేస్తున్నరే అని మా అత్త ఒకటే నవ్వుడు."

నా వెన్ను చల్లబడ్డది.

మెదడు కిందికొసన, వెన్నుపాము మొదలయ్యే కాడ,
వాంతికి, ఎక్కిలికి కాపలా ఉండే గింజంత చోటుంది.
ఆమెను యాది జేసింది
ఆమె నెత్తురే కావచ్చు.
తన ఇంటి నీటితూమునే దొంగనుకొని రాళ్ళేసింది,
అప్పుడక్కడ, ఇప్పుడిక్కడ.
అదీ పోలిక తప్పుడే.
పొరపడేది నేనొక్కదాన్నే కాదన్నమాట.

"తలకు కూడా తీద్దాం యాకూబ్, పైసల సంగతి నేను చూస్త."

"గడ్డ" చెరిపి రాసిన:
గడ్డను పోలి ఉన్నది. కత్తి కంటే ముందు నెత్తురు పరీక్ష.
డాక్టరుకు ఫోన్ చేసి అదే మళ్ళా చదివిన.

"గడ్డనా మేడం, కాదా?" భర్త అడిగిండు.
"గడ్డ లెక్కున్నది. కాకపోవచ్చు."
ఆయన మొదటి సగమే ఇంటికి మోసుకపోయిండు,
మొహం చూస్తే తెలిసింది.

నెత్తురు హైదరాబాదు పోయింది. పది రోజులన్నరు.

రాత్రి కంచం ముందు నాకు ఎక్కిలి.
"ఎవరో తలుచుకుంటున్నరు" అని
మా చెల్లె నీళ్ళు జరిపింది.
గ్లాసు ముట్టలేదు.
రెండోది వస్తదేమోనని
చూసుకుంట కూసున్న.