తల నిటారుగా ఉండవలెను

మూడోసారి కూడా
ఎర్ర గీతల పెట్టెల అవే మాటలు పెట్టి తిప్పి పంపిండ్రు.
ఫోటో నిబంధనలకు లోబడి లేదు.
తల నిటారుగా ఉండవలెను.
భుజాలు రెండూ ఒకే ఎత్తున ఉండవలెను.
కట్టిన రుసుము వాపసు ఇవ్వబడదు.

నా మెడ సంగతి ఆ మిషన్‌కు తెల్వదు.
మర్రిగూడ దిక్కు బోరింగు నీళ్ళు
పదిహేడేండ్లు తాగిన మెడ ఇది.
కుడిపక్కకు ఇంత వాలి, అక్కడ్నే ఆగిపోయింది,
ఎవరో పిలిస్తే ఓ అని తిరగబోయి
ఎందుకు తిరిగిందో మరిచిపోయినట్టు.
ఇప్పుడు నల్లాల కృష్ణ నీళ్ళొస్తున్నయి.
ఎముకలకు ఆ కబురు ఇంకా అందలేదు.

నేను పోదామనుకున్నది మస్తు పెద్ద ఊరేం కాదు.
టాంజానియాల ఆరూషా. పన్నెండు రోజులు.
అక్కడ నీమా అని ఒకామె ఉంది.
నా లెక్కనే సీసాల నీళ్ళు పట్టి, మందుచుక్క వేసి
గులాబిరంగు పసుపుకు తిరుగుతదా అని చూసే కొలువు.
వాళ్ళకొక కొండ ఉంది, పేరు మేరు.
మేరువంటే బంగారు కొండని బడిల చదువుకున్నం.
వాళ్ళది నిప్పులు కక్కి చల్లారిందట,
దాని కడుపుల నుంచి దిగే నీళ్ళలోనే ఫ్లోరైడ్.

మొదటిసారి వీడియోల ఆమె నవ్వినప్పుడు
ఆ గారపళ్ళు చూసి
నోటికి అడ్డం పెట్టుకున్న కొంగు తీసేసిన.
ప్రయాణ కారణం అన్న గడిల ఈ మాట పట్టలేదు.
"పర్యటన" అని పెట్టిన.

నల్లగొండ గడియారం సెంటర్ల సైదులు స్టూడియో.
"కంప్యూటర్ల సక్కగ చేస్తనక్కా, రెండే నిమిషాలు."
చేసిండు.
తెరమీద ఒక మనిషి నిలబడ్డది
తాటిచెట్టు లెక్క.
నా ముక్కుపుల్ల, నా బొట్టు, నా నుదుటి మచ్చ.
ఆమె ఇంకేదో ఊరి నీళ్ళు తాగిన పిల్ల.
రెండు దిక్కులా చూసి రోడ్డు దాటుతది.
డాబామీద ఎల్లెలుకల పండి చుక్కలు లెక్కవెడ్తది.
శానాసేపు చూసిన.
కుళ్ళు కాదు,
పెండ్లిల దూరపు చుట్టం కనబడితే
పలకరిద్దామా వద్దా అన్నట్టు.

"పంపాల్నా?"
వద్దన్న.
ఈ పిల్ల విమానం దిగితే నీమా గుర్తుపట్టదు.

సైదులు గమ్మున కూచున్నడు. చాయ్ తెప్పించిండు.
చాయ్ సగం తాగి లేచి
మూడుకాళ్ళ స్టాండుకు ఒక కాలు కింద
ఎవలో కొనుక్కపోని పెండ్లి ఆల్బం పెట్టి
కెమెరాను వంచిండు, నా మెడ వంగినంత.
తనూ వంగిండు.
నలభైరెండేండ్లల నాకోసం ఒక వస్తువు వంగుడు
అదే మొదలు.

ఆ ఫోటోల నా మొఖం సూటిగ ఉంది.
భుజాలు, వెనక తెల్లగుడ్డ, గుడ్డ దాటి కనబడే తలుపు
అన్నీ ఒక పక్కకు ఒరిగినయి,
లోకానికి మొత్తం ఆ బోరింగు నీళ్ళు తాపినట్టు.

ఇది కూడ ఒప్పరని ఇద్దరికీ ఎరుకే.
అయినా పంపినం. మళ్ళ రుసుము,
చిట్టీ పైసలల్లకెల్లి.
రాత్రి పదిన్నరకు జవాబు:
పరిశీలనలో ఉన్నది.

పొద్దుగాల బల్లమీద ఆరు సీసాలు.
బడిది, మసీదు బోరుది, నర్సింహ బత్తాయి తోటది,
మిగిలిన మూటికి చీటీలు తడిసి పేర్లు చెదిరినయి.
చుక్క వేసి కూచున్న.
ఫోన్ల నీమా:
"మా దగ్గర ఇయ్యాల పసుపు.
మీ దగ్గర?"