పదకొండో పెట్టె

తియాన్ షాన్ కొండల్లో, మంచుసరస్సు గట్టు మీద
నలభై పెట్టెలు పాతాం,
సబ్బుపెట్టెంత ఒక్కొక్కటీ.
గుర్రం మీద మోసుకొచ్చిన జుమాబెక్ అడిగాడు:
"దేన్లో ఏముంది?"
దేన్లోనూ దాని సొంతం విడిగా లేదని
ఎలా చెప్పను?
చలి లెక్క, నేల వణికిన లెక్క
ఒకటి పక్కదాని చెవిలో ఊదితే
అది తనదీ కలిపి మరోదానికి ఊదుతుంది,
బ్యాటరీ ఉన్నంతసేపూ
ఇదే గుసగుస.

జూలైలో ఒక రాత్రి గట్టు తెగింది.
పదిహేడు కొట్టుకుపోయాయి.
మిగిలినవి ఏరుకొచ్చి తోల్గోనాయ్
గుడారంలో బురదకాళ్ళతోనే కూర్చుంది,
కలిసిపోయిన అంకెల్ని
చిక్కుపడ్డ ఉన్నిలా విడదీస్తూ.

తెల్లారేసరికి
ఏట్లో పోయిన పదకొండో పెట్టె
తెర మీద మాట్లాడింది:
రెండూ నలభై, నీళ్ళు మూడు జానలు పెరిగాయి.
రెండూ యాభై, ఇంకో జాన.

"తర్వాత?" అన్నాడు జుమాబెక్.

తర్వాతది ఉంది, కానీ
ఎవరి చెవినా వేయకముందే
అది వెళ్ళిపోయింది.

అతను టీగిన్నె కింద పెట్టి
కొత్త పెట్టెలకి తాడు బిగించాడు,
ఈసారి కాస్త దగ్గరదగ్గరగా పాతుదామంటూ.