ఎడమ అద్దం

మోదెనా శివారు. పొగమంచు షట్టరు దాకా వచ్చి ఆగింది.
లొరెదానా తలుపు లోపలి తోలు ఒలుస్తుంటే
నేను లైటు పట్టుకున్నాను.
అడుగున, పటికబెల్లం చిదిమినట్టు గాజు.

ఎవడో ఒక సంచి కోసం
యాభై ఏళ్ల అద్దాన్ని ఒక్క దెబ్బకి...
సంచిలో తడి ఈతబట్టలేనట,
పళ్ల డాక్టరు నవ్వలేక చెప్పాడు.

ఈ అద్దం ఇప్పుడెవరూ పొయ్యరు.
కుడివైపు మిగిలినదాని మీద కాగితం పరిచి
అంచు వెంట పెన్సిలు నడిపించి
ఆవిడ కాగితం తిరగేసింది.
అంతే, కుడి ఎడమైంది.

మూడు వారాలకి కొత్తది
కొలిమి వేడి తాగి వచ్చింది.
పిడి తిప్పితే గొణక్కుండా లేచింది.

బండి వీధి మలుపు తిరుగుతుంటే
తలుపు కడుపులో ఎక్కడో
వాక్యూముకి చిక్కని పాత పలుకొకటి
పలికింది.

లొరెదానా వింది.
చెయ్యి ఊపింది, పిలవడానికి కాదు.