కాలరు కొలత

యుఖీమ్ మొదటిసారి నా ముందు మెడ చాచినప్పుడు
ముప్పై ఎనిమిది.
చక్కెర మిల్లు నుంచి వచ్చిన కుర్రాడు,
చొక్కా విప్పితే బీట్‌దుంప పిప్పి వాసన.
పై స్వరం ముందు గుటక మింగేవాడు.
హాలుకి తెలీదు, నా వేళ్లకే తెలుసు.

నలభై ఒకటి: ఒదెసాలో పూలు,
కీవ్ నుంచి పిలుపు, రెండో పెళ్లి.
నలభై నాలుగు: గుండీ పట్టలేదు.
లోపల ఎలాస్టిక్ కుట్టి ఎవరికీ చెప్పలేదు.
ఆ చలికాలమే మూడో అంకంలో గొంతు జారింది.
తెర వెనక్కి వచ్చి
"కాలరు బిగుతు, మెలాన్యా" అన్నాడు.
అవును, నాదే తప్పు, అన్నాను.
నేను బిగించనే లేదు.

తర్వాత అన్నీ చిన్న వేషాలు.
"గుర్రాలు సిద్ధం, ప్రభూ" అని
ఒక్క ముక్క పాడి తప్పుకునే సేవకుడు.

ఇప్పుడు ఖార్కివ్‌లో పాట నేల కింద.
మడత కుర్చీలు, కోట్లు విప్పని జనం,
జనరేటర్ ఆయనకంటే అర స్వరం దిగువన.
ఈ మెడ మళ్లీ ముప్పై ఎనిమిదికి వచ్చింది.
అలవాటుగా గడ్డం ఎత్తి నిలబడ్డాడు.
స్వెటర్‌కి గుండీ ఎక్కడిది?
అయినా పెట్టాను.
వేళ్ల కింద అదే గుటక.
"కాస్త బిగుతు" అన్నాడు,
మెట్లవైపు తిరుగుతూ.