నాలుగు లోపలికి, ఎనిమిది బయటికి

నవంబరు పొగమంచు కిటికీకి
తడిగుడ్డలా అతుక్కుని ఉంది.
చెస్కా లీపా ఆస్పత్రి, మూడో గది.
జోరా గోడ పట్టుకుని నిలబడి
నడుముతో సున్నాలు చుడుతోంది.
పదకొండేళ్ళుగా నోవీ బోర్‌లో గాజు ఊదే మనిషి.
ఆమె బుగ్గలు నాకు ముందే తెలుసు.
మా ఇంట్లో ఆకుపచ్చ పూలకూజా
వాటిలోంచే వచ్చింది.

"వస్తోంది" అంది,
బస్సు వస్తోంది అన్నట్టు.

నేను గడియారం చూశాను. ఆమె చూడలేదు.
ముక్కుతో నాలుగు. నోటితో ఎనిమిది.
పాలమీద మీగడ పక్కకి ఊదినట్టు పెదాలు.
భుజాలు దిగాయి, దవడ వదులైంది,
గోడమీది వేళ్ళు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి.

ఇదంతా అగ్నిమాపక కేంద్రం మేడమీద నేర్చుకుంది,
మంగళవారాలు, రబ్బరు చాపల మీద.
నేర్పింది లుబోమీరా, ఒకప్పటి ఈత కోచ్.
మార్జాలాసనం నోరు తిరగక
"పిల్లి" అని సరిపెట్టేసేది.
ఏడుగురు నిండు చూలాళ్ళు
చేతులూ మోకాళ్ళూ నేలకి ఆనించి
వీపులు విల్లులా వంచుతుండగా
కింద సైరన్ మోగితే
పొట్టలు పట్టుకుని పడీ పడీ నవ్వేవాళ్ళట.

నాకు ఇందులో నమ్మకం ఉండేది కాదు.
ముప్పై ఒక్కేళ్ళ మంత్రసానిని.
ఊపిరి ఎవరూ నేర్పకుండానే వస్తుందనీ
నేర్పినా నొప్పుల్లో మరిచిపోతారనీ అనుకునేదాన్ని.
(మా అమ్మ నన్ను కన్నప్పుడు
"అరవకు" అన్నారట.
ఆమెకి అందిన శిక్షణ అదొక్కటే.)

రెండు దాటింది.
పెద్ద బంతి మీద కూర్చుని తుమ్మెదలా రొద చేస్తోంది.
భ్రామరి. ఆ పేరు మాత్రం తప్పులేకుండా పలికింది.
నేల పలకల్లోంచి
నా చెప్పుల్లోకి ఎక్కేంత లోతు మోత.
రాదోవన్ ఆమె నడుం అరచేత్తో నొక్కుతూ
తెలియకుండానే శ్రుతి కలిపాడు.
బస్సు డ్రైవరు. ఇంజను గొంతు.

అంతా సవ్యంగా ఉందనుకునేసరికి తప్పిపోయింది.
నాలుగు లేదు, ఎనిమిది లేదు.
ఊపిరి గొంతులో ముడిపడి
పెదాలు తెల్లబడి, వేళ్ళు తిమ్మిరెక్కి
"ఇంటికి పోతాను, నా కోటేది" అంది.
ఈ ఘడియ నాకు తెలుసు.
చాలామంది కోటు అడుగుతారు.

తెలివితక్కువగా అన్నాను:
"గాజు ఊదుతున్నాననుకో."
"గాజుకి నొప్పుండదు!" అరిచింది.
"గాజుని నేను ఊదుతాను. నన్నెవరు ఊదుతున్నారు?"

నా దగ్గర జవాబు లేదు.
ఆమె ముఖం దగ్గర నా ముఖం పెట్టి
లెక్క లేకుండా ఊపిరి వదిలాను,
పొడుగ్గా, రాత్రి తాగిన కాఫీ వాసనతో సహా.
ఆమె ముక్కు చిట్లించింది.
మళ్ళీ వదిలాను. ఈసారి తనూ.
మూడోసారికి ఏది ఎవరిదో తెలియలేదు.

నొప్పికీ నొప్పికీ నడుమ, కళ్ళు మూసుకుని,
తనే చెప్పింది కొలిమి మాట:
"గొట్టంలోకి కొంచెమే ఊదుతాం.
బొటనవేలితో మూస్తాం. ఆగుతాం.
లోపలి గాలి వేడెక్కి
బుడగని తనే తెరుస్తుంది.
కొత్తవాళ్ళు ఊదుతూనే ఉంటారు. పగలగొడతారు."

ఆపైన తొందరపడలేదు.
మాలాసనంలో కుంగి, రాదోవన్ చేతులకి వేలాడి
ఆగింది.
ఆగడం కూడా పనేనని
నా చేతులకి ఎప్పటినుంచో తెలుసు,
నోటికే తెలియదు.

అరుపు లేదనను.
కిటికీ అద్దం అదిరింది.
అయితే బయటికి పోయే ఊపిరి మీదెక్కి పోయింది అరుపు,
లోపల దేన్నీ పట్టుకుని వేలాడకుండా.

తల. భుజం. ఆ తర్వాత
ఒక్కసారిగా, తడితడిగా, మొత్తం మనిషి.

పాప ఊదారంగులో, నిశ్శబ్దంగా.
ఒక క్షణం. రెండు.
ముగ్గురం ఊపిరి బిగబట్టాం,
నేర్చుకున్నదంతా మరిచి.

ఎన్ని లోపలికి అని
ఆమె ఎవరినీ అడగలేదు.
తీసుకుంది.
గది నిండా తిట్టింది.

రాదోవన్ ఇద్దరి మీదా ఏదో కప్పాడు. చూస్తే, కోటు.
నేను గడియారం చూడటం మరిచాను.
కాగితంలో సమయం అతను చెప్పిందే రాశాను:
నాలుగూ యాభై రెండు.
బస్సు డ్రైవరు కదా,
నిమిషం తప్పడు.