దండెం సాక్ష్యం

మూడు నిమిషాలే అన్నారు కదా, తిప్పండి ఆ గడియారం.

పేరు ఫిలొమేనా బెటన్‌కోర్ట్.
మసాచుసెట్స్‌లోనే, ఉప్పునీళ్ళు నదిలోకి ఎగదన్నే చోట
కరెంటు ప్లాంటు కాలువకి ఇవతలి గట్టున
చివరి ఇల్లు.
ఇంజనీర్ని కాను. బట్టలారేసిన మనిషిని.
యాభై రెండేళ్ళు.
మసి పూసి మారేడుకాయ చెయ్యడం నాకు చేతకాదు,
మసి ఎక్కడ పడిందో అదే చెప్తాను.

వాషింగ్టన్‌లో ఎవరు ఏ కాగితం మీద సంతకం పెట్టారో
పేపర్లో పడకముందే మా దండెం చెప్పేది.
పెళ్ళైన కొత్తలో బొగ్గు.
పొడి మసి. దుప్పటి రెండుసార్లు విదిలిస్తే
గాలికి తిరిగిపోయేది.
అరవై తొమ్మిదిలో నూనె వచ్చింది, చవకని.
నూనె మసి విదిలిస్తే పోదు.
ఆవగింజంత జిగట చుక్కలు,
రుద్దితే తోకలు మొలిచేవి.
మా పెద్దదాని కమ్యూనియన్ గౌను మీద
పదకొండు లెక్కపెట్టాను.
నిమ్మకాయ, ఉప్పు, తిట్లు.
తొమ్మిది పోయాయి.

ఆ తర్వాత చమురు కరువు, పెట్రోలు బంకుల ముందు క్యూలు,
ఆ వెనకే చట్టం.
నూనె కాల్చకూడదు.
గ్యాసు అసలే కూడదు, అడుగంటిందట,
ఉన్న కాస్తా ఇళ్ళకి దాచాలట.
బొగ్గు కాల్చి తీరాలి.
మా ఆమారో ఆ ఉత్తర్వు నకలు తెచ్చి
వంటింటి బల్ల మీద పరిచాడు, చేపల పళ్ళెం పక్కన.
పదేళ్ళ కిందట తన చేతుల్తోనే విప్పి
పాత ఇనుము కింద తూకానికి పంపిన బొగ్గు మిల్లులు
మళ్ళీ బిగించాలి.
"బాయిలరుకి చదువు రాదు ఫిలో," అన్నాడు,
"ఏం పెడితే అది తింటుంది.
కడుపునొప్పి మాత్రం నాకు."

రెండో మిల్లు బిగిస్తున్నప్పుడు
ఎడమచేతి ఉంగరం వేలు, సగం.
ఉంగరం కుడిచేతికి మారింది.
ఆ ఉత్తర్వు నేను మొత్తం చదివించుకున్నాను,
అనుబంధాలతో సహా.
వేలు సంగతి ఎక్కడా లేదు.

ఇంకో ఎనిమిదేళ్ళకి చట్టం తీసేశారు.
గ్యాసు అయిపోలేదట.
లెక్క తప్పిందట.
ఎవరి లెక్కో వాళ్ళు చెప్పలేదు, మేమూ అడగలేదు.
మా జీతం మాకొస్తోంది, ఇంటప్పు ఇంకా పదమూడేళ్ళుంది.

ఒక్కటి మాత్రం దాచకూడదు.
పొగని కడిగే యంత్రం పెట్టి తీరాలన్నారే, ఆ రోజు
యూనియన్ హాల్లో అందరం నవ్వాం.
బొగ్గుకి స్నానం చేయిస్తే తెల్లబడుతుందా అని.
తెల్లబడింది.
ఏప్రిల్లో ఒక దుప్పటి మరిచిపోయి మూడు రోజులు వదిలేశాను,
మచ్చ లేదు.
పక్కింటి డుల్సే కొడుకు ఆ వేసవి
పీల్చుడు మందు ఇంట్లో మరిచిపోయి బంతాటకి వెళ్ళిపోయాడు.
ఆ కాగితం రాసిన మనిషెవరో తెలిస్తే
గుడ్లు వేసి కాల్చిన తీపిరొట్టె పంపేదాన్ని.
అడిగాను కూడా. ఎవరూ చెప్పలేకపోయారు.

ఇప్పుడేమో అసలు మంటే వద్దంటున్నారు.
సముద్రంలో మరలు తిరుగుతాయట.
తిరగనివ్వండి, నా అభ్యంతరమేం లేదు.
ఆమారో ఉంటే ఏమనేవాడో.
పోయి నాలుగేళ్ళు.
బహుశా రెంచీ ఎక్కడుందని అడిగేవాడు.

గంట కొట్టకండి, అసలు సంగతి ఇదుగో.
నిన్న గేటు దగ్గర కాపలా కుర్రాడు చెప్పాడు,
రెండో బాయిలరులో పిల్లి ఈనిందని.
పొయ్యిలో పిల్లి పడుకుందంటే
ఆ ఇంట్లో వంట లేనట్టే, నాకు తెలుసు.
వచ్చే మంగళవారం కూల్చేస్తారని బోర్డు పెట్టారు.
మీ దగ్గర ఇన్ని రకాల కాగితాలున్నాయి కదా,
ఇంకొక్కటి.

నాలుగు పిల్లలట.
కళ్ళు తెరిచేదాకా ఆగమనండి.