పురి

ఆ ఫిబ్రవరిలో బొగ్గుగనుల వాళ్ళు సమ్మె చేశారు.
సాయంత్రం ఆరయ్యేసరికి
బ్రిడ్‌పోర్ట్ ఊరంతా చీకటి.
టార్చిలైటు వెలుగులో
టార్చర్ అనే మాట వెతుకుతున్నాను.
బడిలో ఇచ్చిన పదింట్లో అది ఆరోది.

డిక్షనరీ తాతది. మొదటి పేజీలో
రూబెన్ గాలప్ అని ఆయన సంతకం,
చర్చి లెక్కలు రాసిన చెయ్యి,
ఒక్క కొట్టివేత లేదు.

"లాటిన్ నుంచి వచ్చిందట అమ్మమ్మా.
మెలిపెట్టడం అని అర్థం. అంతే."
"అంతేనా," అంది హెస్టర్ అమ్మమ్మ,
చీకట్లోనే వల అల్లుతూ.
ఆమె వేళ్ళకి దీపంతో పనిలేదు.

మాది తాళ్ళ ఊరు.
ఇంత వెడల్పు వీధులేమిటని కొత్తవాళ్ళు అడుగుతారు.
బళ్ళ కోసం కాదు,
నార సాగదీసి పురిపెట్టడం కోసం.
ఉరితీసినవాణ్ణి పూర్వం
బ్రిడ్‌పోర్ట్ బాకు పొడిచిందనేవాళ్ళట.
అంత పేరు మా తాడుకి.

"ఒక్క పురి పెడితే తాడు కాదే," అంది అమ్మమ్మ.
"చెయ్యి వదలగానే గిరగిరా విడిపోతుంది.
మూడు పేటలూ ఇటు తిప్పి
మూడింటినీ కలిపి అటు తిప్పాలి.
ప్రతి పేటా విడిపోదామనే చూస్తుంది.
ఆ చూడటమే తాడుని పట్టి ఉంచేది."

నేను పేజీ వెనక్కి తిప్పాను.
టార్చిదీ ఆ వంశమేనట!
నార మెలిపెట్టి మైనంలో ముంచి వెలిగించేవాళ్ళట.
వేసవిలో మా కుండీలో పూసే నాస్టర్షియం కూడా చుట్టమే,
ముక్కు మెలిపెట్టేది అని దాని పేరు.
ఆకు కొరికి చూశారా ఎప్పుడైనా,
ఘాటు నషాళానికి అంటుతుంది.

నవ్వుతూ టార్చి గోడలమీద ఆడించాను.
వెలుగు వెళ్ళి
ఆమె కుడి మణికట్టు మీద ఆగింది.

పుట్టినప్పటినుంచి చూస్తున్నదే,
వంకరగా అతుక్కున్న ఎముక.
ఫ్యాక్టరీ మరలో పడిందని అందరికీ తెలుసు.

"మీ తాత నన్నెప్పుడూ కొట్టలేదు," అంది.
"ఒక్క దెబ్బ లేదు. ఊరంతా అదే చెబుతుంది,
నిజమే.
తిప్పేవాడు.
మెల్లిగా, గోడ గడియారం చూసుకుంటూ.
కోపిష్టి మనిషి అని మా అమ్మ సర్దిచెప్పేది.
కోపమా, ఆయనకా?
కోపమైతే చల్లారేది కదా."

సూది ఆగలేదు. ముడి, ముడి, ముడి.
బ్యాటరీ అయిపోయి వెలుగు పచ్చబడింది.
ఏదో అడగాలి. పదేళ్ళదాన్ని,
ఏం అడగాలో తెలియక
"ఆరోదానికి ఏం రాయను?" అన్నాను.
"పుస్తకంలో ఉన్నదే రాయి.
సరిగ్గానే ఉంది."

సోమవారం మిస్ ప్రౌజ్
ఎర్ర సిరాతో పక్కన రాసింది:
ఇది మాట మూలం. అర్థం ఏదీ?

ఇంటికొచ్చేసరికి వల పూర్తయింది.
ఏదో ఊరి ఫుట్‌బాల్ గోలుకి కట్టేది.
బంతి ఎంత జోరుగా తగిలినా
వెనక్కి వంగాలి, తెగకూడదు అంటూ
ఒక్కో ముడీ లాగి చూస్తోంది అమ్మమ్మ,
ఎడమచేత్తో.